మెట్ట పల్లెలో గుడ్ల పెట్ట

కడప, కర్నూలు జిల్లాల మెట్ట పల్లెల్లో కోడి కనిపించని వాకిలి అరుదు గాని, గుడ్ల కోసమని ఒక పద్ధతి ప్రకారం కోళ్లను పెంచే ఇళ్లు అంతకన్నా అరుదు. పులివెందుల ప్రాంతంలోని తుమ్మలపల్లె వంటి ఊళ్లలో నాటుపెట్ట దిబ్బ మీదా, కల్లంలోనూ, వాములదొడ్డిలోనూ గింజా పురుగూ ఏరుకుని తిని, ఒక విడతకు పది పదిహేను గుడ్లు పెట్టి, వాటి మీదనే పొదుగుకు కూర్చుని, పిల్లలు బయటికి వచ్చాక వాటిని రెండు నెలలపాటు వెంట తిప్పుకుని, ఆ తరువాతే మళ్లీ గుడ్డుకు వస్తుంది. ఈలోపల గద్ద ఎత్తుకుపోయినవీ, తెగులుకు పోయినవీ పోగా మిగిలిన పిల్లలు పండగకో, చుట్టాల రాకకో కూరగా మారుతాయి. అందువల్ల పెరట్లో కోళ్లు తిరిగే ఇంట్లో సైతం పిల్లల పళ్లెంలోని గుడ్డు చాలాసార్లు అంగడి నుంచే వస్తుంది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానమైనా, ఆ గుడ్లలో అత్యధిక భాగం వేలాది కోళ్లను పంజరాల్లో ఉంచే పెద్ద ఫారాల నుంచి వచ్చేదే. పది పెట్టలతో ఒక కుటుంబం తన గుడ్లు తాను సంపాదించుకోవడం రాయలసీమలోనూ సాధ్యమే. అయితే ఆ ప్రయత్నం నిలవడమూ, మొదటి వేసవిలోనే ముగిసిపోవడమూ ఎండను ఎంత ముందుగా లెక్కలోకి తీసుకున్నారన్నదాని మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

మనిషికి ఏడాదికి 180 గుడ్లు, అంటే సుమారుగా రెండు రోజులకు ఒకటి అవసరమని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేయగా, 2023-24 నాటి ప్రభుత్వ గణాంకాల ప్రకారం దేశంలో తలసరి లభ్యత 103 గుడ్లు మాత్రమే. ఐదుగురున్న ఇంటికి సిఫారసు ప్రకారం ఏడాదికి 900 గుడ్లు కావాలి. పెరట్లో ఒక్కొక్కటి 150 గుడ్లు పెట్టగల పది పెట్టలుంటే 1,500 గుడ్లు వస్తాయి గనుక ఇంటికి వాడుకోగా మిగిలిన ఆరు వందలను ఊళ్లోనే అమ్ముకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి పది పెట్టలు సరైన సంఖ్య; ఎందుకంటే పెరడూ, దిబ్బా, చుట్టుపక్కల చేలూ కలిసి ఉచితంగా ఇవ్వగల తిండికి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు దాటి కోళ్లను పెంచితే ప్రతి గింజా కొని వేయవలసి వచ్చి, ఖర్చు విషయంలో పెద్ద ఫారాలతో పోటీ పడవలసిన పరిస్థితి ఏర్పడుతుంది.

గుడ్డు తయారయ్యే తీరు తెలిసినవారికి పెంపకంలోని మిగతా నియమాలు సులభంగా అర్థమవుతాయి. ఇంటి కోడికి మూలం ఆగ్నేయాసియా అడవుల్లోని ఎర్ర అడవికోడి అని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. అయితే చాలా కోళ్లలో కనిపించే పసుపుపచ్చ చర్మానికి కారణమైన జన్యువు దక్షిణ భారతపు అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో వెలువడిన పరిశోధన తేల్చింది కాబట్టి, ఈ పక్షి వంశచరిత్రలో మన ప్రాంతానికీ ఒక పాలు ఉంది. అండాశయం నుంచి విడుదలైన పచ్చసొన అండవాహిక, అంటే గుడ్డు ప్రయాణించే గొట్టం వంటి అవయవం గుండా సాగుతూ తెల్లసొననూ, పొరలనూ, చివరికి పెంకునూ సంతరించుకుని బయటికి రావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే సరిపోతాయి. ఈ వ్యవధి ఒక రోజు కన్నా కొంత ఎక్కువ కావడం వల్లనే పెట్ట ప్రతిరోజూ కొద్దిగా ఆలస్యంగా గుడ్డు పెడుతూ పోయి, మధ్యమధ్య ఒక రోజు మానేస్తుంది. ఈ పనికి పుంజు అవసరం లేదు. పుంజు లేకపోయినా పెట్ట అదే సంఖ్యలో గుడ్లు పెడుతుంది, కాకపోతే వాటిని పొదిగిస్తే పిల్లలు రావు.

అండాశయాన్ని మేలుకొలిపేది వెలుతురు. కోడి మెదడు పగటి నిడివిని గమనిస్తూ, అది 14 గంటలకు చేరువవుతున్నప్పుడు గుడ్డుకు కావలసిన హార్మోన్లను చురుకుగా విడుదల చేయిస్తుంది. కడప, కర్నూలు ప్రాంతాలు భూమధ్యరేఖకు ఉత్తరాన 14 నుంచి 16 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉన్నందున ఇక్కడ పగలు డిసెంబరులో 11 గంటలకు కొంచెం పైగానూ, జూన్‌లో 13 గంటల దగ్గరగానూ ఉంటుంది. చలి దేశాల్లో మాదిరిగా శీతాకాలంలో గుడ్లు పూర్తిగా ఆగిపోయే ప్రమాదం లేదు గాని, పెట్టలు గుడ్డుకు వచ్చాక గూట్లో తెల్లవారుజామున రెండు గంటలపాటు ఒక చిన్న బల్బు వెలిగిస్తే గుడ్ల సంఖ్య పెరుగుతుంది. ఈ దీపాన్ని సాయంత్రం కన్నా వేకువనే పెట్టడం మంచిది. సాయంత్రం దీపం హఠాత్తుగా ఆరిపోతే, అప్పటికి అడ్డకర్ర ఎక్కని కోళ్లు చీకట్లో దారి తెలియక నేల మీదనే ఉండిపోతాయి.

జాతి ఎంపిక విషయంలో కొత్తవారు ఎక్కువగా తడబడతారు. ఆంధ్రప్రదేశ్ స్వస్థానంగా గల అసీలు జాతి దేహపుష్టికీ, పోరాట స్వభావానికీ, తల్లిగా చూపే శ్రద్ధకూ ప్రసిద్ధి పొందినదే అయినా, ఏడాదికి వంద లోపు గుడ్లు మాత్రమే పెడుతుంది. మరొక కొసన తెల్లని లెగ్‌హార్న్ జాతి నుంచి తయారుచేసిన ఫారం కోళ్లు ఉన్నాయి. ఇవి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడతాయి గాని, లెక్క ప్రకారం తయారైన దాణా, రక్షణ గల షెడ్డు ఉంటేనే ఆ ఫలితం ఇస్తాయి, పైగా వాటి తెలుపు రంగు పెరట్లో గద్దకు దూరం నుంచే ఆనవాలు చూపుతుంది. తెలుగునాట పెద్ద ఎత్తున కోళ్ల పరిశ్రమ నిలబడడానికి కారకుల్లో ఒకరైన బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్‌ను స్థాపించడమే గాక, గుడ్ల ధర దళారుల చేతుల్లోంచి రైతుల చేతికి రావాలన్న లక్ష్యంతో 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘానికి నాయకత్వం వహించారు. ఫారం కోడి చరిత్ర ఆ దారిన సాగింది. పెరటి కోడి కోసం హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లో 1988లో మొదలైన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వేరే దారి తొక్కి, నాటుకోడిలా రంగురంగుల ఈకలతో, తిరిగి తినే అలవాటుతో ఉంటూనే ఎక్కువ గుడ్లు పెట్టే రకాలను రూపొందించింది. వాటిలో వనరాజా మాంసానికీ గుడ్లకూ పనికివచ్చే రకం. పెరట్లో ఏడాదికి 110 వరకు గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోసం ఉద్దేశించినది. మంచి పోషణలో 160 నుంచి 180 వరకు గోధుమరంగు గుడ్లు పెడుతుంది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలలో రూపొందిన రాజశ్రీ కూడా ఈ కోవకు చెందినదే. గుడ్లే ముఖ్యమనుకునే ఇంటికి గ్రామప్రియ గాని, రాజశ్రీ గాని తగినవి. ఈ రకాలకు పొదిగే స్వభావం దాదాపు లేనందున, తరువాతి తరం పిల్లల కోసం మళ్లీ హ్యాచరీకి వెళ్లవలసి ఉంటుంది. ఆ గుడ్లను నాటుపెట్ట కింద పొదిగించినా, పుట్టే పిల్లలకు తల్లి దిగుబడి పూర్తిగా రాదు. ఇంట్లో ఉన్న నాటుపెట్టలను అమ్మివేయకుండా ఒకటి రెండింటిని ఉంచుకోవడం మాత్రం వివేకం. కరువులోనూ, తెగుళ్లలోనూ తట్టుకుని బతికే గుణం తరతరాలుగా ఈ నేలలో నాటుకోడికి అబ్బినది, ఒకసారి పోగొట్టుకుంటే తిరిగి తయారుచేసుకోగలిగినది కాదు.

పిల్లలను ఏ నెలలో తేవాలన్నది ఈ ప్రాంతంలో జాతి ఎంపికతో సమానమైన ప్రాముఖ్యం గల విషయం. జూన్ చివర గాని, జులైలో గాని ఒక రోజు వయసు పిల్లలను తెచ్చుకుంటే, ఎండ తీవ్రత తగ్గిన వాతావరణంలో అవి మొదటి ఆరు వారాలు గూట్లో పెరిగి, ఆగస్టులో బయటికి వచ్చే వేళకు వానలకు మొలిచిన పచ్చికా, దానితో పాటు పురుగూ దొరుకుతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో చెనక్కాయ (వేరుశనగ) పంట కల్లానికి చేరే సమయానికి పడుచు పెట్టలై రాలిన గింజలను ఏరుకుంటాయి. ఐదున్నర నెలలు నిండి డిసెంబరులో గుడ్డుకు వచ్చి, చలి తగ్గి పగలు పెరుగుతున్న జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో నిండుగా గుడ్లు పెట్టి, ఏప్రిల్ ఎండలను ఎదిగిన శరీరంతో ఎదుర్కొంటాయి. ఇదే పని అక్టోబరులో మొదలుపెడితే తొలి గుడ్లు మండువేసవిలో రావలసి వస్తుంది. అప్పుడు పెట్టలు సగం సామర్థ్యంతోనే ఏడాదిని ఆరంభిస్తాయి. ఒక రోజు పిల్లల్లో పెట్టనూ పుంజునూ వేరుచేసి అమ్మడం పెరటి రకాల్లో సాధారణంగా జరగదు గనుక పది పెట్టలు కావలసినవారు పాతిక పిల్లలను తెచ్చుకుని, పుంజులను నాలుగైదు నెలల వయసులో మాంసానికి అమ్మితే అప్పటివరకు అయిన దాణా ఖర్చులో కొంత తిరిగివస్తుంది. పిల్లలను సాకే ఓపిక లేనివారు నాలుగైదు వారాలు పెంచి, టీకాలు వేసి ఇచ్చే చోట కొనడమే మేలు. కడప దగ్గర ఊటుకూరులోనూ, ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలోనూ, బనగానపల్లె దగ్గర యాగంటిపల్లెలోనూ ఉన్న కృషి విజ్ఞాన కేంద్రాలలో గాని, ప్రొద్దుటూరులోని పశువైద్య కళాశాలలో గాని అడిగితే పిల్లలు ఎక్కడ దొరికేదీ తెలుస్తుంది.

గుడ్డులోంచి వచ్చిన పిల్ల పొట్టలో మిగిలిన పచ్చసొన దానికి రెండు మూడు రోజుల తిండిగా పనిచేస్తుంది. దూరపు హ్యాచరీల నుంచి పిల్లలు పెట్టెల్లో క్షేమంగా చేరగలగడానికి కారణం ఇదే. చేరిన వెంటనే వాటికి కావలసింది నీరూ, వెచ్చదనమూ. మొదటి వారం పిల్లల దగ్గర 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోవచ్చు. అడుగున్నర ఎత్తు రేకును గుండ్రంగా నిలిపి, లోపల ఊక పరిచి, పాతిక పిల్లలకు ఒక 60 వాట్ల పాతరకం బల్బు వేలాడదీస్తే చాలు. ఎల్‌ఇడి బల్బుకు వేడి ఉండదు కాబట్టి అది ఈ పనికి పనికిరాదు. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చూపుతాయి: బల్బు కింద ఒకదాని మీద ఒకటి గుమిగూడితే చలి వేస్తున్నట్టు, రేకు అంచులకు చేరి నోరు తెరిచి రొప్పుతుంటే ఉక్క ఎక్కువైనట్టు, అంతటా చెదరి తింటూ తిరుగుతుంటే సరిగా ఉన్నట్టు. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేయకపోతే పిల్లలు అందులో పడి తడిసి చనిపోతాయి. వానాకాలంలో పిల్లలను పెంచేటప్పుడు పరుపు తడవడం వల్ల రక్తపు రెట్ట వేసే జబ్బు వస్తుంది. ఇది పేగుల్లో పెరిగే కాక్సిడియా అనే సూక్ష్మజీవి వల్ల కలిగేది గనుక, ఊకను రోజూ కలియబెట్టి పొడిగా ఉంచడమే దాని నివారణలో సగం.

గూడు కట్టడానికి ఈ ప్రాంతానికి సొంత వస్తువులూ, సొంత పనితనమూ ఉన్నాయి. బేతంచెర్ల, జమ్మలమడుగు పరిసరాల్లో తవ్వే నాపరాళ్లు చవకగా దొరుకుతాయి. వాటిని నిలబెట్టి గోడలుగా, అడ్డంగా వేసి కప్పుగా వాడితే పందికొక్కు తవ్వలేదు, ముంగిస దూరలేదు. అయితే నాపరాయి పగలంతా వేడిని పట్టి ఉంచుకుని రాత్రి కూడా వదులుతూ ఉంటుంది కాబట్టి, కేవలం రాతి కప్పు కింద కోళ్లను మూయడం వేసవిలో ప్రాణాంతకమవుతుంది. సీమ పల్లెల్లోని పాత చౌడు మిద్దెలు దీనికి పరిష్కారం చూపుతాయి: కప్పు మీద మందంగా పరిచిన చౌడు మట్టి ఎండను లోపలికి దిగనివ్వదు. కోళ్ల గూటికి కూడా రాతిమీద జానెడు మట్టి గాని, జొన్నచొప్ప కప్పు గాని వేసి, తూర్పు పడమరలకు పొడవుగా కట్టి, ఉత్తర దక్షిణాలు జాలీతో తెరిచి ఉంచితే గాలి ఆడుతుంది, ఎండ నేరుగా పడదు. లోపల ఒక్కో కోడికి రెండు చదరపు అడుగుల చోటు, రాత్రి వాలడానికి అడ్డకర్ర మీద ఎనిమిది అంగుళాల జాగా, నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున చీకటిగా ఉండే మూలలో గడ్డి వేసిన గంప ఉండాలి. రాళ్ల మధ్య సందులను సున్నంతో పూడ్చడం అలంకారం కోసం కాదు. పొడి ప్రాంతాల్లో కోళ్లను పీడించే ఒక రకం గోమార్లు పగలు ఆ సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి నిద్రపోయే కోళ్ల రక్తం పీల్చి, ప్రాణం తీసే జ్వరాన్ని ఒక కోడి నుంచి మరొక దానికి అంటిస్తాయి; పగలు కోడిని ఎంత పరీక్షించినా అవి కనిపించవు కాబట్టి పెట్టలు కారణం తెలియకుండా పాలిపోయి గుడ్లు తగ్గిస్తే రాత్రి దీపం పట్టుకుని గూటి గోడలను చూడాలి. దిబ్బ పక్కన ఇంత బూడిద, మెత్తటి మట్టి పోసి ఉంచితే కోళ్లు అందులో పొర్లి తమ పేలను తామే వదిలించుకుంటాయి.

వేసవి గురించి ఎంత వివరంగా చెప్పినా ఎక్కువ కాదు. కోడి శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41 డిగ్రీలు. దానికి చెమట గ్రంథులు లేవు, ఒళ్లంతా ఈకలు కప్పి ఉంటాయి. నీడలో కూడా 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప వేసవుల్లో అది తన వేడిని వదిలించుకోగలిగేది నోరు తెరిచి రొప్పుతూ ఊపిరితిత్తుల తేమను ఆవిరి చేయడం ద్వారానే. ఆ రొప్పుడులో రక్తంలోని బొగ్గుపులుసు వాయువు అతిగా బయటికి పోయి, రక్తపు క్షారగుణం పెరిగి, పెంకు కట్టడానికి అవసరమైన కార్బొనేటు కొరవడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒత్తితే విరిగే పలుచని పెంకు గుడ్లు రావడానికి కారణం దాణా లోపం ఒక్కటే కాదని దీనివల్ల తెలుస్తుంది. పైగా తిన్న తిండి అరిగేటప్పుడు శరీరంలో వేడి పుడుతుంది గనుక కోడి తనంతట తానే తిండి తగ్గించుకుంటుంది, తిండి తగ్గితే గుడ్డూ తగ్గుతుంది. అందుకే వేసవిలో తెల్లవారక ముందే మొదటి మేత వేసి, పది గంటలకల్లా మిగిలినది తీసివేసి, మళ్లీ ఎండ వాలిన తరువాత వేయాలి. మధ్యాహ్నం మేత తినిపించడం అరుగుదల వేడినీ ఎండ వేడినీ ఒకే సమయంలో కోడి మీద మోపడమే అవుతుంది. సీమ ఎండలో ఒక అనుకూలత లేకపోలేదు: ఇక్కడి గాలి పొడిగా ఉన్నందున నీరు త్వరగా ఆవిరై చల్లదనం ఇస్తుంది, కోస్తాలోని ఉక్కలో ఆ సౌకర్యం అంతగా ఉండదు. గూటి జాలీకి తడి గోనెపట్టాలు వేలాడదీయడం, కప్పు మీది చొప్పను మధ్యాహ్నం తడపడం వంటి చిన్న పనులే ఇక్కడ లోపలి వేడిని చెప్పుకోదగినంతగా తగ్గిస్తాయి. వేప, కానుగ, చింత చెట్ల నీడ ఉన్న దొడ్డి ఏ షెడ్డు కన్నా మెరుగైనది. చీనీ తోటల్లో కోళ్లను వదలడమూ మంచిదే గాని, మందు కొట్టిన వారం పది రోజులు అటు పోనివ్వకూడదు.

కోడి మామూలు రోజుల్లో తిన్న దాణా తూకానికి రెట్టింపు నీళ్లు తాగుతుంది, ఎండల్లో అది మూడు నాలుగు రెట్లవుతుంది. ఒక మధ్యాహ్నం తొట్టి ఎండిపోతే ఆ నష్టం చాలా రోజులపాటు గుడ్లలో కనిపిస్తుంది. ప్లాస్టిక్ తొట్ల కన్నా మట్టి పాత్రలు నీటిని చల్లగా ఉంచుతాయి, వాటిని నీడలో రెండు మూడు చోట్ల పెట్టి రోజుకు మూడుసార్లు మార్చాలి. చాలా సీమ పల్లెల్లో బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి. నీటిలోని ఉప్పు గుడ్డు పెంకును పలుచన చేస్తుందని పరిశోధనల్లో రుజువైంది, ఆ దోషాన్ని మేతలో సున్నం పెంచి సరిదిద్దడం కష్టమని కూడా తేలింది. మనుషులు తాగే మంచినీళ్లనే పెట్టలకూ పెట్టడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

మేతలో తిరిగి ఏరుకున్నదానికి తోడు సాయంత్రం ఒక్కో పెట్టకు 40, 50 గ్రాముల దాణా అవసరం. పది కిలోల దాణాకు అయిదున్నర కిలోల జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్నల్లో దొరికినదాని రవ్వ, రెండు కిలోల తవుడు, రెండు కిలోల చెనక్కాయ చెక్క, అర కిలో ఉప్పు వేయని ఎండుచేపల పొడి కలిపితే మాంసకృత్తులు కావలసినంత సమకూరుతాయి. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని జబ్బుతో చనిపోగా, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కే అందుకు కారణమని బయటపడింది. ఆ చెక్కకు పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే విషానికి అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. పంట చివరి దశలో వాన మొహం చాటేసిన ఏళ్లలో నేలలోని కాయకు ఈ బూజు ఎక్కువగా పడుతుంది. రాయలసీమ మెట్టకు అటువంటి ఏళ్లు కొత్త కావు. ఈ విషం కాలేయాన్ని దెబ్బతీసి గుడ్లను తగ్గిస్తుంది, ఉడికించినంత మాత్రాన పోదు, కోడి తిన్నప్పుడు కొంత గుడ్డులోకి కూడా చేరగలదు. మనుషులు తినడానికి పనికిరావని ఏరిపారేసిన పుచ్చు, నలుపు గింజలను కోళ్లకు వేయడం పల్లెల్లో అలవాటే గాని, అది మానుకోవలసిన అలవాటు. నమ్మకమైన చెక్క దొరకని ఏడాది పొద్దుతిరుగుడు చెక్కతో సరిపెట్టుకోవచ్చు.

సున్నపు ధాతువు అవసరం దాణాతో తీరదు. ఒక గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. జొన్న, సజ్జ, కొర్రలలో అది లేశమాత్రం. కాల్షియం చాలని పెట్ట తన ఎముకల్లోంచి తీసి పెంకుకు ఇస్తుంది, కొంతకాలానికి కాళ్లు పట్టుదప్పి కూలబడుతుంది. పెంకు రాత్రివేళ కట్టుకుంటుంది కాబట్టి ఆల్చిప్పల ముక్కలు గాని, సున్నపురాయి నలుసు గాని సాయంత్రం ఒక చిప్పలో విడిగా పెడితే, ఆ పలుకులు కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతాయి. ఎంత కావాలో పెట్టకే తెలుస్తుంది కనుక కొలిచి కలపనక్కరలేదు. చుట్టూ రాతి గనులున్న ప్రాంతం కదా అని చేతికి దొరికిన రాయిని దంచి పెట్టరాదు. నార్జి అనే ఊరి వైపు రాయి సున్నపురాయి అయితే, తుమ్మలపల్లె పరిసరాల్లో విస్తారంగా ఉన్నది డోలమైటు. యురేనియం ఖనిజం ఉన్నదీ ఆ రాతిలోనే. చూపుకు రెండూ దగ్గరగా ఉన్నా, డోలమైటులోని మెగ్నీషియం పెట్టలకు పారుడు తెప్పించి గుడ్లను తగ్గిస్తుంది. కాల్చిన సున్నం నోటినీ పేగులనూ పుండు చేస్తుంది గనుక అదీ పనికిరాదు. దాణా అంగళ్లలో కోళ్ల కోసమే అమ్మే నలుసును కొనడమే క్షేమం.

పెరటి కోళ్ల పెంపకంలో ఎక్కువ నష్టం కొక్కెర తెగులు వల్ల కలుగుతుంది. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ, మరుసటి ఏడు హిమాలయ ప్రాంతంలోని రానిఖేత్‌లోనూ గుర్తించినందున దీనికి ఆ రెండు ఊళ్ల పేర్లూ ఉన్నాయి. వైరస్ వల్ల వచ్చే ఈ తెగులుకు మందు లేదు. పచ్చటి రెట్ట, ఊపిరాడక చేసే శబ్దం, మెడ మెలితిరగడం కనిపించిన మూడు నాలుగు రోజుల్లో ఊళ్లోని కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోవచ్చు. వారం వయసులో కంట్లోనో ముక్కులోనో వేసే లసోటా చుక్కలు, రెండో వారంలో గంబోరో టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరు ఏడు వారాలకు కోళ్ల మశూచి టీకా, ఎనిమిది తొమ్మిది వారాలకు రెక్క కింద ఇచ్చే ఆర్‌టుబి ఇంజక్షన్ సాధారణంగా పాటించే టీకాల క్రమం. స్థానిక పశువైద్యులు దీన్ని కొద్దిగా మార్చవచ్చు. చిన్న పెంపకందారులకు ఇక్కడ ఎదురయ్యే చిక్కు ఏమంటే, టీకా సీసాలో కనీసం వంద మోతాదులుంటాయి, కలిపిన తరువాత రెండు గంటల్లోపే అది వాడుకోవాలి, అప్పటివరకు మంచులో ఉండాలి. పది కోళ్లున్న ఇల్లు ఒంటరిగా ఈ ఏర్పాటు చేసుకోలేదు. పది పదిహేను ఇళ్లవారు పిల్లలను ఒకే వారంలో తెచ్చుకుని, ఒకే రోజు తెల్లవారుజామున, కోళ్లను వదలక ముందే టీకాలు వేయించుకుంటే ఖర్చూ శ్రమా దాదాపు కనిపించవు. అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీలోని అడ్డతీగల ప్రాంతంలో ఆంత్ర అనే సంస్థ 1990ల నుంచి ఆదివాసీ మహిళలతో కలిసి అసీలు కోళ్ల మీద చేసిన పని ఈ విషయంలో అనుసరించదగినది: తెగులు వచ్చే కాలానికి ముందే ఊరంతటికీ టీకాలు వేయడాన్ని గ్రామ మహిళలకే నేర్పి, పెట్టను ఒకరికిచ్చి దాని పిల్లలను పంచుకునే వాటా అనే పాత పద్ధతిని మళ్లీ నిలబెట్టారు. సీమ పల్లెల్లోని మహిళా సంఘాలకు ఇంతకన్నా తగిన పని అరుదు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో నిర్ధారణ అయిన బర్డ్ ఫ్లూ మరో రకం ప్రమాదం. అడవి నీటిపక్షుల ద్వారా అది వ్యాపించగలదు కనుక వలస పక్షులు వాలే చెరువుల అంచులకు కోళ్లను పోనివ్వకూడదు. ఒకేసారి కోళ్లు ఎక్కువగా చనిపోతే వాటిని కోయడం గాని, అమ్మడం గాని, కాలువలో పారవేయడం గాని చేయక, పశువైద్యశాలకు తెలిపి, లోతైన గుంటలో సున్నం వేసి పూడ్చాలి.

గుడ్లను వేసవిలో రోజుకు రెండుసార్లు తీసుకోవడం అవసరం. పుంజు కలిసిన పెట్ట పెట్టే గుడ్డులో పిండం ఉంటుంది; సీమ ఎండలో అది పొదుగు లేకుండానే కొంత పెరిగి చనిపోయి, గుడ్డు మూడు నాలుగు రోజుల్లోనే చెడిపోవచ్చు. తినడానికీ అమ్మడానికీ గుడ్లు పెంచుకునేవారు పెట్టల మధ్య పుంజును ఉంచకపోతే గుడ్లు అంతకన్నా ఎక్కువ రోజులు నిలుస్తాయి. పెంకు మీద కంటికి కనిపించని సన్నని పొర సూక్ష్మజీవులను అడ్డుకుంటుంది, కడిగితే అది పోతుంది కాబట్టి మురికిని పొడిగుడ్డతో తుడిచి, సన్నకొనను కిందికి ఉంచి, తడి ఇసుకలో సగం పాతిన కుండలో భద్రపరచాలి. నీళ్లలో వేసినప్పుడు అడుగున పడుకునేది తాజా గుడ్డు, నిలబడేది పాతది, తేలేది పారవేయవలసినది.

మొదటి ఏడాది చివర పెట్టలు ఈకలు రాల్చి, కొత్త ఈకలు వచ్చేవరకు ఒకటి రెండు నెలలు గుడ్లు మానేస్తాయి. దీన్ని జబ్బుగా భావించి మందులు వాడడం వృథా. ఆ రోజుల్లో ఈకల కోసం మాంసకృత్తులు కాస్త ఎక్కువగా పెడితే చాలు. రెండో ఏడు గుడ్డు పెద్దదవుతుంది గాని సంఖ్య తగ్గుతుంది, మూడో ఏటికి దాణా ఖర్చు రావడం కష్టమవుతుంది. అందువల్ల రెండో ఏడాది జూన్‌లోనే పది పన్నెండు కొత్త పిల్లలను తెచ్చి, అవి డిసెంబరులో గుడ్డుకు వచ్చాక పాత పెట్టల్లో సగాన్ని సంక్రాంతి వేళ మంచి ధరకు అమ్మితే, ఇంట్లో గుడ్లకు ఎడతెరిపి ఉండదు. బయటి నుంచి తెచ్చిన కోళ్లను మాత్రం మూడు వారాలపాటు వేరే గూట్లో, వేరే నీళ్ల పాత్రలతో ఉంచి, వాటిలో ఏ జబ్బూ లేదని తేలిన తరువాతనే పాతవాటితో కలపాలి.